లంగరు రోజున పుట్టిన నూట పద్దెనిమిది మంది

ఎంపిక 1వ రోజు

ఉదయం నా వంతు పని, ఇంటిని నీటి మీద తేల్చే పీపాలకు పట్టిన పాచి గీకడం. రెండు అయ్యాయి. మూడోదాని మీద చెయ్యి వేశానో లేదో వైద్యశాల దగ్గర గంట కొట్టారు. చేతులు కడుక్కుని వెళ్ళాను.

గట్టు నుంచి నూరేళ్ళ సంస్థ ప్రకటన వచ్చింది. మా లంగరుపేటకు ఆరోగ్య బీమా ఇచ్చేది ఆ ఒక్క సంస్థే. పదో రోజున ఊళ్ళో నూట పద్దెనిమిది మందికి ఒకేసారి అరవై ఐదు నిండుతాయి. ఆ రోజుతో వాళ్ళ పాత బీమా ఆగిపోతుంది. ఈ తొమ్మిది రోజుల్లో పెద్దల పథకాలు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. తర్వాతైనా చేరవచ్చు కాని, ఆలస్యమైన ప్రతి నెలకూ నూటికి ఒకటి చొప్పున రుసుము పెరుగుతుంది. ఆ పెరిగింది చచ్చేదాకా తగ్గదు.

నూట పద్దెనిమిది మంది ఒకే రోజు పుట్టారంటే గట్టు మీద నవ్వుతారు. ఇక్కడ అది వార్తే కాదు. ఊరిని సముద్రంలోకి తేల్చిన రోజున నమోదు గుమస్తా పడవలో వచ్చాడు. పిల్లల పుట్టిన తేదీలు అడిగాడు. ఒక తల్లి "సావళ్ళ సేపలు వలల్లో తెగ పడిన నాడు" అంది. ఇంకో తల్లి "రెండో తుపానుకి ముందు" అంది. ఆటు తియ్యకముందే అతను తిరిగి వెళ్ళాలి. ఆరేళ్ళలోపు వాళ్ళందరికీ ఆ రోజు తేదీయే రాసేసి పడవ ఎక్కాడు. అప్పటి నుంచి లంగరు రోజే వాళ్ళందరి పుట్టినరోజు. ఊరంతటికీ ఒకే లడ్డూ పళ్ళెం.

నేను ఆ తర్వాత ఐదేళ్ళకు ఊరు తేలుతుండగా పుట్టాను. నా తేదీ నిజమైనది. ఊరి గోడపత్రికకు ముప్పై ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాను. రేపటి నుంచి ఈ పథకాల ఖర్చు మీద రాయాలి.

ఎంపిక 2వ రోజు

వైద్యశాలలో వయసద్దం ముందు వరస కట్టారు. అద్దంలో అరచెయ్యి ఆనించి ఊపిరి వదిలితే దేహం వయసు కనబడుతుంది. కాగితం మీది వయసు కంటే దేహం వయసు మూడేళ్ళకు మించి ఎక్కువుంటే 'అరుగుదల' ముద్ర పడుతుంది. ముద్ర పడితే నెల రుసుము నూటికి నలభై ఎక్కువ. అంతేకాదు, పెద్ద చికిత్సలకు ఏడాది ఆగాలి.

వాసుపల్లి అప్పలకొండ నా ముందున్నాడు. ఊరి కింద లంగరు గొలుసులు చూసే మునకగాళ్ళకు పెద్ద. నలభై ఏళ్ళుగా ఈ ఊరు కొట్టుకుపోకుండా ఉందంటే అందులో సగం అతని పనే. నాకు అన్న వరస. అతని భార్య పోలమ్మ పక్కనే నిలబడింది.

అద్దం డెబ్బై చూపించింది. ముద్ర పడింది.

"సూడొదినా," అంది పోలమ్మ నాతో, నేను చిన్నదాన్నయినా వదినా అనే పిలుస్తుంది. "నాకు అరవయ్యయిదే సూపించింది. నానే పడుసుదాన్ని. ఈన్ని ఉప్పునీళ్ళు తినీసినాయి."

"అద్దానికి కళ్ళు నేవు," అన్నాడు అప్పలకొండ.

డాక్టరు బెహరా నవ్వలేదు. మా ఊరికి ఒక్కడే డాక్టరు. గుండె, పన్ను, పురుడు అన్నీ అతనే. అప్పలకొండను లోపలికి పిలిచి, నేను బంధువునే కాబట్టి నన్నూ కూర్చోబెట్టాడు. గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదు. కొత్తది అచ్చు వేసి పెట్టాలి. నాలుగు నెలలకు మించి ఆగకూడదు.

పెద్ద చికిత్సకు ఆగాల్సింది పన్నెండు నెలలు.

ఎంపిక 3వ రోజు

పథకాల పుస్తకం రెండు వందల పన్నెండు పేజీలు. పొద్దుటి నీళ్ళ వంతు పోలమ్మకు అప్పగించి కూర్చున్నాను.

ఊళ్ళో అందరూ నెలకు ఎంత అని మాత్రమే అడుగుతున్నారు. 'అల' పథకానికి నెలకు తొమ్మిది వందల రూకలు. 'ఒడ్డు' పథకానికి రెండు వేల ఒక వంద. కాబట్టి అల చవక అని మధ్యాహ్నానికే నలభై మంది సంతకం పెట్టేశారు.

అలలో చికిత్స జరిగిన ప్రతిసారీ ఖర్చులో నూటికి ముప్పై మనమే పెట్టుకోవాలి. దానికి పైహద్దు లేదు. ఒడ్డులో మన వాటా పదే. అదీ ఏడాదికి ఇరవై వేలు దాటితే ఇక కట్టనక్కర్లేదు. గుండె తలుపుకు రెండు లక్షల నలభై వేలు. ముద్ర లేని మనిషి ఆ చికిత్స చేయించుకుంటే ఏడాది మొత్తానికి అలలో ఎనభై రెండు వేల ఎనిమిది వందలు పోతుంది. ఒడ్డులో నలభై ఐదు వేల రెండు వందలు. చవక పథకం ఖరీదు దాదాపు రెట్టింపు. జబ్బు లేని ఏడాది అయితే లెక్క తిరగబడుతుంది. అంటే పథకం ధర పథకంలో లేదు, మనిషి ఒంట్లో ఉంది.

ఇది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. సంతకాలు మార్చుకోవడానికి తొమ్మిదో రోజు దాకా వీలుందని కింద రాశాను. సాయంత్రానికి పదహారు మంది మార్చుకున్నారు.

అప్పలకొండకు మాత్రం ఏ పథకమూ పనికిరాదు. ముద్ర వల్ల ఈ ఏడాది రెండింటిలోనూ తలుపు ఖర్చు మొత్తం అతనిదే. అతని జీతం నెలకు ఆరు వేలు.

ఎంపిక 4వ రోజు

సంస్థవాళ్ళ గొంతుతో మాట్లాడాను. దాని పేరు సహాయిని. మనిషి కాదు. మర్యాద మాత్రం చాలా ఎక్కువ.

"మాన్యులైన అప్పలకొండ గారి దేహం వయసుకు మించి అరిగినది. వారు జీవన విధానం మార్చుకొనవలెను."

"డెబ్బై ఏళ్ళవాళ్ళకు కూడా ఏడాది ఆగాలా?" అని అడిగాను.

"లేదు. డెబ్బై నిండినవారికి చట్టప్రకారం నిరీక్షణ వర్తించదు. కాని వారికి అరవై ఐదే."

ఆ జవాబును రెండుసార్లు రాసుకున్నాను.

తర్వాత అది నన్నే ఒక ప్రశ్న అడిగింది. "ఒకే దినమున నూట పద్దెనిమిది మంది జన్మించినట్లున్నది. వీరందరూ ఒకే తల్లి సంతానమా?"

అవును, తల్లి పేరు లంగరుపేట అన్నాను. అలాగే నమోదు చేసుకుంటానంది. ఏం నమోదు చేసుకుందో తెలియదు.

ఎంపిక 5వ రోజు

తూర్పు గాలి. పొద్దున్నుంచీ అందరం తాళ్ళు బిగించాం. రాయడానికి చేతులు లేవవు. ఒక్కటి మాత్రం. తాడు లాగుతూ ఆలోచించాను. అద్దం తప్పు చూపలేదేమో. కాగితమే తప్పు కదా! అప్పలకొండ అరిగిపోలేదు. అతనికి నిజంగానే డెబ్బై.

ఎంపిక 6వ రోజు

తెల్లారగానే వాళ్ళింటికి వెళ్ళాను. పోలమ్మ మెట్టు మీద కూర్చుని చేపలు కోస్తోంది. అప్పలకొండ కట్టుడు పళ్ళ పలక గిన్నెలో కడుగుతున్నాడు. అతనికి కింది వరసలో ముందు పళ్ళు రెండూ లేవు. గొలుసు తగిలి పోయాయి.

"కొండన్నా, ఊరు తేల్చిన రోజు నీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తునేదు? పెద్ద బోంకా బూర ఊదినారు. మాయమ్మ ఏడిసింది. నానూ ఏడిసినాను."

"నువ్వెందుకు?"

"పన్నుకోసం." బోసి చిగురు చూపించి నవ్వాడు. "ముందురోజే కిందది రెండోది కూడా ఊడిపోనాది. పన్ను ఇంటి కప్పు మీదకి ఇసిరితే మంచిది వత్తాదని మాయమ్మ సెప్పింది. ఈడకొచ్చి సూత్తే కప్పేది? అంతా ఇనుమే. ఇసిరినాను. గలగలమని జారొచ్చీసి సముద్రంలో పడిపోనాది. ఒకటే ఏడుపు."

"అయితే కొత్త పన్ను రానేదా ఏటి?" అంది పోలమ్మ.

"వచ్చింది. గొలుసు తినీసింది."

వాళ్ళిద్దరూ నవ్వుతుండగానే నేను లేచాను. పుట్టడానికి ముందురోజే పన్ను ఊడిన మనిషి! అది అతని మాట మాత్రమే. మాట సాక్ష్యం కాదు. కాని ఆ రోజు ఒక ఫొటో తీశారు. అది ఊరి భోజనశాల గోడ మీద అరవై ఐదేళ్ళుగా వేలాడుతోంది. ఏటా దాని కిందే నిలబడి లడ్డూలు పంచుకుంటాం. మేమెవరమూ దాన్ని చూడలేదు.

పరిగెత్తాను. అరవై ఏళ్ళ మనిషిని, తడి ఇనుప వంతెన మీద పరిగెత్తాను. బల్ల మీదెక్కి ఫొటో దించి మసి తుడిచాను.

పిల్లలు ఎత్తు ప్రకారం నాలుగు వరసల్లో ఉన్నారు. మధ్యలో నమోదు గుమస్తా పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. అతని కాళ్ళ దగ్గర పలక మీద తేదీ. ఎడమ చివర అప్పలకొండ. ఎవరో నవ్వించినట్టున్నారు, నోరంతా తెరిచాడు. కింది వరస మధ్యలో రెండు పళ్ళు లేవు. మిగతావన్నీ ఉన్నాయి. చంకలో నెలల పిల్ల.

ఈ ఫొటో ఆ సాయంత్రమే మా గోడపత్రిక మొదటి సంచికలో వచ్చింది. ఆ సంచిక నా దగ్గరుంది. పథకాల పుస్తకంలో నలభై ఒకటో నియమం ఇదివరకే గుర్తు పెట్టుకున్నాను. నమోదు అధికారి పొరపాటు వల్ల వయసు తప్పు పడితే, అదే రోజు బహిరంగమైన పత్రం చూపిస్తే, వయసు సరిచేస్తారు. ఆలస్య రుసుము కూడా ఉండదు.

రేపు పొద్దున్నే ఫొటో డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను.

ఎంపిక 7వ రోజు

డాక్టరు బెహరా భూతద్దం పెట్టి చూశాడు. "ఆ రెండు పళ్ళు ఐదేళ్ళకు ముందు ఊడవు" అని రాసి సంతకం పెట్టాడు. తొమ్మిదింటికి పంపాను. పదింటికి జవాబు వచ్చింది.

"పరిశీలించితిమి. పుట్టిన దినమున శిశువునకు పళ్ళు ఉండవు. ఫొటోలో పళ్ళు లేకుండుట నమోదుతో సరిపోవుచున్నది. అభ్యర్థన తిరస్కరించడమైనది."

పోలమ్మకు చదివి వినిపించాను. కత్తిపీట పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది.

"మరి సంకలో పిల్లనెలా ఎత్తుకున్నాడో అడగనేకపోనావా? పుట్టిన రోజే పిల్లనెత్తుకునీవోడు ఎక్కడైనా ఉంతాడా?"

"ఆ పిల్ల ఎవరో?"

"నానే. మా మేనత్త కొడుకు కదా. మాయమ్మ బొగ్గు దింపుతుంటే నన్ను ఈన్నెత్తుకోమంది. ఆనాటి నుంచీ దిగనేదు."

ఇది నేను అడగవలసిన మొదటి ప్రశ్న. ఫొటోలో ఉన్నవాళ్ళందరి పేర్లూ రాసి ఉంచడం విలేకరి మొదటి పని.

మళ్ళీ రాశాను. మూడే వాక్యాలు. ఫొటోలోని వ్యక్తి తన కాళ్ళ మీద నిలబడ్డాడు. మిగతా పళ్ళు పద్దెనిమిదీ లెక్కకు వస్తున్నాయి. అదే రోజు పుట్టినట్టు నమోదైన మరొక శిశువును ఎత్తుకున్నాడు. దీన్ని మనిషి చేత పరిశీలింపజేయమని కోరాను. అలా కోరే హక్కు నూట తొంభయ్యో పేజీలో ఉంది.

"మనుష్య పరిశీలనకు రెండు దినములు పట్టును" అంది సహాయిని. మిగిలింది సరిగ్గా రెండు రోజులే.

ఈ నియమం అడిగినవాళ్ళకే వర్తిస్తుందా, అడగనివాళ్ళ వయసులు కూడా కదుపుతారా అని కూడా అడిగాను. అడిగినవాళ్ళకే. ఆ జవాబు కాగితం మీద తెప్పించుకున్నాను.

ఎంపిక 8వ రోజు

ఊరంతా భోజనశాలలో ఉంది. ముద్ర పడినవాళ్ళు ముప్పై ఒక్కరు. ఫొటో కింద భూతద్దం వేలాడదీశాం. ఎవరి చిన్నప్పటి ముఖాన్ని వాళ్ళు వెతుక్కుంటున్నారు. "అది నాను కాదు, నా సెవులు అంత పెద్దవి కావు" అని ఒకాయన. "ఇప్పుడు మాత్రం సిన్నవేటి?" అని వెనక నుంచి ఎవరో. అప్పలకొండతో కలిపి ఇరవై నలుగురి ముఖాలు తేలాయి. ఒక్కొక్కరికీ మార్చుకుంటే ఎంత, మార్చుకోకపోతే ఎంత అని చెప్పాను. సంతకం వాళ్ళ ఇష్టం.

అప్పలకొండ రాలేదు. ఊరి పడమటి అంచున గొలుసు దగ్గర కూర్చున్నాడు. నీళ్ళలోకి దిగవద్దని డాక్టరు చెప్పాక కూడా రోజూ అక్కడికే వెళ్తున్నాడు.

"ఆ కాగితం ఎనక్కి తీసుకో సెల్లీ," అన్నాడు.

"ఎందుకు?"

"డెబ్బయ్యి నిండితే మునక లైసెన్సు తీసేత్తారు. నీకు తెలవదా?"

తెలుసు. ఆరో రోజు నుంచీ తెలుసు. అతనికి చెప్పలేదు. అది నా తప్పు.

"తలుపు పెట్టినాక ఏడాదికి మళ్ళీ దిగొచ్చని డాక్టరే సెప్పినాడు. అరవయ్యయిదంతే ఇంకా నాలుగేళ్ళు పని ఉంతాది. డెబ్బయ్యంతే నేదు."

లెక్క చెప్పమన్నాడు. ఓదార్పు చెప్పవద్దన్నాడు. చెప్పాను. అరవై ఐదుగా ఉంటే ఈ ఏడాది ఒడ్డు పథకంలో రెండు లక్షల డెబ్బై ఐదు వేలు. అది నాలుగేళ్ళ జీతం. డెబ్బైగా మారితే, ఆ వయసుకు నెల రుసుము రెండు వేల ఎనిమిది వందలు కాబట్టి, యాభై మూడు వేల ఆరు వందలు. అరవై ఐదుగానే ఉండి తలుపు వాయిదా వేస్తే రూక అదనంగా అక్కర్లేదు, కాని బతికేది నాలుగు నెలలు.

అతను గొలుసు మీద చెయ్యి వేశాడు. గొలుసు లాగుతున్నప్పుడు దాని వణుకు చేతికి తెలుస్తుంది. ఏ కడియం వదులైందో అతను పైనుంచే చెప్పగలడు.

మా వెనకాల పోలమ్మ ఎప్పుడు వచ్చిందో.

"ఒరే బావా. పై నుంచి కేకలెయ్యి. కేకలకి లైసెన్సక్కర్నేదు."

అతను తల తిప్పకుండానే నవ్వాడు. "మూడో గొలుసు, పదకొండో కడియం వదులైంది," అన్నాడు. "ఎవడో ఒకడ్ని దింపమని సెప్పు."

కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఎంపిక 9వ రోజు

గడువు సాయంత్రం ఐదు గంటలకు.

పొద్దున మిగిలిన రెండు పీపాలూ గీకాను. మధ్యాహ్నం దాకా ఏ కబురూ లేదు. రెండింటికి మిగతా ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టిన కాగితాలు పంపాను. మూడింటికి పోలమ్మ చేపల పులుసు తెచ్చింది. ఎవరమూ తినలేదు. మూడున్నరకు మునకగాళ్ళు పైకి వచ్చి, పదకొండో కడియం నిజంగానే వదులైందనీ బిగించామనీ చెప్పారు.

నాలుగూ పదికి సహాయిని మాట్లాడింది.

"మనుష్య పరిశీలకులు ఫొటోను చూచిరి. నలభై ఒకటవ నియమము వర్తించును. మాన్యులైన అప్పలకొండ గారి వయసు డెబ్బై సంవత్సరములు. అరుగుదల ముద్ర తొలగించడమైనది. నిరీక్షణ లేదు. ఆలస్య రుసుము లేదు." కాస్త ఆగింది. "ఎత్తుకొనబడిన శిశువు ప్రస్తుతము క్షేమమేనా అని పరిశీలకులు అడుగుచున్నారు."

"పులుసు పెట్టింది, తినమని సెప్పు!" అని అరిచింది పోలమ్మ.

వైద్యశాల గంట ఎవరు కొట్టారో తెలియదు. గంట కొట్టడానికి అనుమతి కావాలి. ఎవరూ అడగలేదు.

ఒక అడ్డంకి మిగిలింది. సరైన పుట్టిన తేదీ రాయమంది ఫారం. ఏడాది తెలిసింది. రోజు, నెల ఎవరికీ తెలియవు. గుమస్తాతో సావళ్ళ మాట అన్నది అతని తల్లే, ఆమెకు తెలిసింది అదొక్కటే. ఐదుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి.

"ఏ తేదీ అయినా రాసుకోవచ్చట, ఆ ఏడాదిలో," అన్నాను.

అప్పలకొండ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లంగరు రోజే రాయి. నేకపోతే ఈళ్ళందరూ లడ్డూలు తింతుంటే నాను గుడ్లప్పగించి సూడాలా?"

అదే తేదీ రాశాను. ఏడాది మాత్రం మారింది. మిగతావాళ్ళూ అదే రాయమన్నారు. నాలుగూ యాభై ఆరుకు ఒడ్డు పథకంలో అతని పేరు చేరింది. తలుపుకు వచ్చే నెల పంతొమ్మిదో తేదీ ఇచ్చారు.

ఇరవై ముగ్గురివీ రెండింటికే పంపాను కాబట్టి గడువులోపు అందినట్టే లెక్క. జవాబులు వారంలో వస్తాయి. ఫొటోలో ముఖం తేలని ఏడుగురి సంగతి ఇంకా తెలియదు. వాళ్ళ ఇళ్ళలో పాత పెట్టెలు తెరుస్తున్నారు.

లంగరు రోజు

భోజనశాలలో నూట పద్దెనిమిది మందీ లడ్డూ తిన్నారు. అప్పలకొండ రెండు తిన్నాడు. పెరిగిన ఐదేళ్ళకు ఏడాదికొకటి చొప్పున తనకు ఇంకా నాలుగు బాకీ అన్నాడు. డాక్టరు పళ్ళెం లాక్కున్నాడు.

మెడలో వేసుకునే లైసెన్సు బిళ్ళను పొద్దునే కార్యాలయంలో ఇచ్చి వచ్చాడట. ఎలా ఉందని అడగలేదు. అడగకుండానే చెప్పాడు. "తేలిగ్గా నేదు సెల్లీ. మెడ మాత్రం తేలిగ్గా ఉంది."

తర్వాత పాత ఫొటోలో ఉన్నట్టే నిలబడాలని ఎవరో అన్నారు. మళ్ళీ ఎవరైనా ఏదైనా నిరూపించుకోవాల్సి వస్తే పనికొస్తుందని నేనూ ఒప్పుకున్నాను. ఎత్తు ప్రకారం నాలుగు వరసలు. లేనివాళ్ళ చోట్లు ఖాళీగా వదిలారు. తేదీ పలక నేనే రాశాను. ఈసారి పేర్లన్నీ వరసగా, తప్పు లేకుండా రాసుకున్నాను.

అప్పలకొండ ఎడమ చివర నిలబడ్డాడు. పోలమ్మ పక్కకు వచ్చి, "ఎత్తుకో మరి," అంది.

"తలుపు పెట్టనీ," అన్నాడు.

కెమెరా సరిచూసుకుని, నవ్వమని చెప్పాను. అతను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. కట్టుడు పళ్ళ పలక తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు నోరంతా తెరిచాడు.

కింది వరస మధ్యలో రెండు పళ్ళు లేవు.